నందిగామలో ఒప్పు, జగ్గయ్యపేటలో తప్పు

ఒక వస్తువు ఒక ఊళ్ళో సరిగ్గా ఉండి, బస్సెక్కి ఇంకో ఊరు వెళ్ళగానే తప్పైపోతుందని ఎవరైనా నాతో అంటే, వాళ్ళని వేదిక మీదే నిలబెట్టి నాలుగు ప్రశ్నలడిగి కూర్చోబెట్టేదాన్ని. ముహూర్తాల మీదా, వాస్తు మీదా, దిష్టి మీదా నేను రాసిన వ్యాసాలన్నీ చేసిన పని అదే. అలాంటిది నేను చెక్కిన పలకే నందిగామలో ఒప్పై, జగ్గయ్యపేటలో తప్పైంది. ఎందుకో చాలా రోజులపాటు నాకు తోచలేదు.

నేను చెక్కానంటే అదీ పూర్తి నిజం కాదు. చెక్కింది మిషను. నందిగామలో మా ఇంటి పక్కన కారు లేని కారుషెడ్డు ఒకటుంది. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక, అందులో సీఎన్‌సీ రూటర్ అనే చిన్న చెక్కుడు మిషను పెట్టుకున్నాను. విడిభాగాలు తెప్పించుకుని నేనే బిగించుకున్నది. చెక్క పలకను దాని బల్లకి బిగించి కంప్యూటర్లో బొమ్మ ఇస్తే, గిర్రున తిరిగే ములుకు, అంటే బిట్టు, ముందుకీ పక్కకీ, పైకీ కిందకీ కదులుతూ చెక్కుకుంటూ పోతుంది. బొమ్మకీ బిట్టుకీ మధ్య టూల్‌పాత్ అని ఒకటుంటుంది. బిట్టు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత లోతు దిగాలి, ఏ వరసన నడవాలి అని చెప్పే దారి అది. మనం గీసుకున్న బొమ్మైతే ఆ దారి చెప్పినట్టు వింటుంది. ఎవరో ఎక్కడో తయారుచేసిన మోడల్‌ని దింపుకున్నప్పుడే తంటా. దాని లోపల ఏం దాగుందో చేసినవాడికీ తెలియదు.

షెడ్డులో ఈశాన్యం మూల ఖాళీగా వదలాలనీ, అక్కడ బరువు పెడితే అరిష్టమనీ చుట్టుపక్కలవాళ్ళు చెప్పారు. కాబట్టి మిషన్ని సరిగ్గా ఈశాన్యం మూలే పెట్టాను.

నా స్నేహితురాలు జగ్గయ్యపేటలో ఓ ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు. కాలేజీ రోజుల్లో డిబేట్లలో నాకు ఎదురుపక్షం. నేను దేవుడు లేడంటే తను ఉన్నాడనేది. చీటీలో పక్షాలు తారుమారైన రోజున నేను ఉన్నాడంటే తను లేడనేది. రెండుసార్లూ తనే గెలిచేది. కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బుతో చూపు కొంచెం కొంచెంగా తరిగి, ఇప్పుడు వెలుతురు ఏ పక్కనుందో మాత్రమే తెలుస్తోంది. పాఠం చెప్పడానికి అదేం అడ్డు కాలేదు. పుస్తకమంతా తనకి నోటికొచ్చు. కానీ పదో తరగతి పరీక్షలో పటం ఇచ్చి ఫలానాచోటు గుర్తించమంటారు. పటం చూడలేని టీచరు పటం ఎలా నేర్పుతుందని హెడ్మాస్టరుగారికి సందేహం వచ్చింది. ఆయన చెడ్డవాడేం కాదు, గడువిచ్చాడు. ఈ యూనిట్ పరీక్షలయ్యేలోపు ఆయన ఎదుట ఒక పటం పాఠం చెప్పి చూపించాలి. లేకపోతే పదో తరగతి ఇంకొకరికి పోతుంది, తను లైబ్రరీకి పోతుంది.

"లైబ్రరీ అంటే ఏంటో తెలుసా? రెండు బీరువాలు. వాటి తాళాలు ఆఫీసులో ఉంటాయి. నేను బీరువాలకి కాపలా" అంది ఫోన్లో. "చేత్తో తడిమితే తెలిసే మ్యాపొకటి చెక్కిపెట్టవే. ముందు మన ప్రాంతం. అది చేతికెక్కితే తర్వాత రాష్ట్రం."

"అదెంత పని? వారంలో ఇచ్చేస్తా" అన్నాను. ఫిజిక్స్ చెప్పినవాళ్ళకి ఉండే జబ్బు అది.

ఉపగ్రహాలు కొలిచిన భూమి ఎత్తుపల్లాలు ఇంటర్నెట్లో ఊరికే దొరుకుతాయి. గరికపాడు నుంచి మునేరు అవతల దాకా, కింద కృష్ణ దాకా ఒక ముక్క కత్తిరించి మోడల్‌గా దింపుకున్నాను. దింపుకోగానే అది తెర మీద పడుకోకుండా గోడలా నిలబడింది. ఆ మోడల్ ఏ సాఫ్ట్‌వేర్‌లో పుట్టిందో అందులో 'పైకి' అనే గీతకి ఒక పేరు, నా సాఫ్ట్‌వేర్‌లో ఇంకో పేరు. పట్టుకుని పడుకోబెట్టాను. ఈ సంగతి గుర్తుంచుకోండి. తర్వాత నన్ను ముంచింది ఇదే.

మొదటిసారి మిషను పూటంతా నడిచింది. దుమ్ము ఊడ్చి చూస్తే పలక పలకలాగే ఉంది. కొండ లేదు, వాగు లేదు, ఏమీ లేదు. టూల్‌పాత్ తప్పేమోనని గీత గీతా తిప్పి చూశాను. తప్పు లేదు. ఉన్నదున్నట్టు చెక్కితే మా మెట్ట ప్రాంతం మొత్తం గోరు మందం కూడా రాదు. కిలోమీటర్లని జానెడు చేసినప్పుడు గుట్టలు కూడా ఆ లెక్కనే చితికిపోతాయి. ఎత్తుని మాత్రం చాలా రెట్లు పెంచాలి. నాకు మనసొప్పలేదు.

"ఎత్తు పెంచితే అబద్ధం చెక్కినట్టేగా?" అని ఫోన్ చేసి అడిగాను.

"నువ్వు చత్వారం అద్దాలు పెట్టుకుని పేపర్ చదువుతావు. అక్షరాలు నిజంగా అంతంత ఉంటాయా? పెంచవే తల్లీ."

పెంచాను. లావు బిట్టు మోటుపని శుభ్రంగా చేసింది. సన్న బిట్టు బిగించి నునుపు పని మొదలుపెట్టాను. కృష్ణ ఒడ్డున, ముక్త్యాల దగ్గరికి వచ్చేసరికి అది ఉన్నట్టుండి నిట్టనిలువునా దిగి పుటుక్కున విరిగింది. ఇంకో బిట్టు పెడితే అదీ అక్కడే విరిగింది. వేగం ఎక్కువైందేమో, కరెంటు తక్కువైందేమో, బిట్టు మార్చినప్పుడు పొడుగు తేడా వచ్చిందేమో అనుకున్నాను. ఒక్కొక్కటే మారుస్తూ, మిగతావన్నీ అలాగే ఉంచుతూ పరీక్షించాను. శాస్త్రీయ పద్ధతి అంటే అదేనని ఊరూరా చెప్పినదాన్ని. పద్ధతి తప్పలేదు, బిట్లు మాత్రం ముక్త్యాల దగ్గరే విరిగాయి. చివరికి తెర మీద ఆ చోట ఒక నల్లచుక్క కనిపించింది. అప్పటిదాకా దాన్ని దుమ్మనుకుని కొంగుతో తుడుస్తూ వచ్చాను. మోడల్లో అక్కడ కొలత లేదు. కొలత లేనిచోట పాతాళమంత లోతు రాసి ఉంది. పెసరగింజ పట్టేంత గుంట. లావు బిట్టు అందులో పట్టక దాటిపోయింది, సన్న బిట్టు పట్టింది కాబట్టి దిగింది. ఇంతకన్నా లోతు దిగొద్దని హద్దు పెట్టి మిగతాది పూర్తిచేశాను. గుంట గుంటలాగే మిగిలింది.

స్నేహితురాలు భర్తతో కలిసి నందిగామ వచ్చింది. ఆయన ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగి. మా వీధి వరండాలో కుర్చీ వేసి, ఒళ్ళో పలక పెట్టాను. పలక పై అంచున ఉత్తరానికి గుర్తుగా చిన్న గాడి చెక్కాను. తన వేళ్ళు గాడిని పట్టుకుని కిందికి జారాయి.

"ఇదేమో కృష్ణ... అబ్బ, ఎంత వంపే! ఇది పాలేరు. ఇది మా ఊరు. నందిగామ ఇదిగో, ఈ పక్కన మునేరు." వేళ్ళు మళ్ళీ గాడి దాకా వెళ్ళి వచ్చాయి. "నేను మళ్ళీ చూస్తున్నానే" అంది.

ఆయన పక్కకి తిరిగి షెడ్డు వైపు చూస్తూ, "ఈశాన్యంలో బరువు పెట్టినా పని బానే అయిందే చెల్లెమ్మా!" అన్నాడు.

"అందుకే అయిందండీ అన్నయ్యగారూ" అన్నాను.

మర్నాడు పొద్దున ఫోన్. "నిన్నటి పలక ఇది కాదు."

"కాకపోవడమేంటే? మీ ఆయనే సంచిలో పెట్టుకున్నాడు."

"నాకు తెలీదు. నందిగామ దక్షిణానికి పోయింది. కృష్ణ మాకు పడమటికొచ్చింది. గరికపాడు ఉత్తరాన ఉంది. అన్నీ ఒకే లెక్కన తప్పినయ్యి."

బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళాను. పలక అదే. నా కళ్ళకి సరిగ్గానే ఉంది. గాడి పైన, కృష్ణ కింద. తను రోజూ కూర్చునే చోట, భోజనాల బల్ల దగ్గర, నా ఎదుటే తడిమింది. మళ్ళీ అదే మాట.

"నీకు పట్టు దొరకట్లేదు. అలవాటు కావాలి" అన్నాను.

"అయితే మీ ఇంట్లో ఎలా దొరికిందే? అక్కడ అలవాటు, ఇక్కడ మర్చిపోయానా?"

ఆయన ఫ్యాక్టరీకి బయల్దేరుతూ, "పలకకి ఊరు పడలేదేమో. పేట నీళ్ళు కొంతమందికి పడవులే" అన్నాడు.

"మీరు షిఫ్టుకెళ్ళండి ముందు!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం.

తిరుగు బస్సులో నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. అదే కొంప ముంచింది. అన్నీ ఒకే లెక్కన తప్పాయంటే కుడి ఎడమల తారుమారు కాదు, మొత్తం పావు తిరుగుడు తిరిగినట్టు. పావు తిరుగుడు ఎక్కడ జరిగింది? మోడల్ గోడలా నిలబడితే పట్టుకుని పడుకోబెట్టింది నేనే కదా! అప్పుడే తప్పు పక్కకి పడుకోబెట్టి ఉంటాను. మరి నా కళ్ళకి సరిగ్గా ఎందుకుంది? నేను సరిగ్గా ఉందని అనుకుని చూస్తున్నాను కాబట్టి. తనకి కళ్ళు లేవు కాబట్టి ఆ భ్రమా లేదు. ఇంత చక్కటి తర్కం నా జీవితంలో అల్లలేదు. ఒక్క పోగు కూడా ఊడలేదు. నందిగామలో ఎందుకు ఒప్పైందో మాత్రం అందులో ఇమడలేదు. దాన్ని వదిలేశాను. ఇమడనిదాన్ని వదిలేసేవాళ్ళని ఏమంటారో నేనే ఎన్నో వ్యాసాల్లో రాశాను.

మోడల్‌ని తెర మీద పావు వంతు తిప్పి, కొత్త టూల్‌పాత్ తీశాను. తిప్పితే అది మిషన్ బల్ల పొడుగుకి పట్టలేదు. కొంచెం కుదించాను. గాడిని మాత్రం మళ్ళీ పై అంచునే చెక్కాను. కొత్త పలక పట్టుకుని జగ్గయ్యపేట వెళితే, అదే బల్ల దగ్గర తను తడిమి చూసి, కుర్చీలో వెనక్కి వాలింది. "ఇప్పుడు కుదిరింది. అన్నీ ఎక్కడివక్కడున్నయ్యి."

"నాకు మాత్రం అంతా అడ్డంగా కనపడుతోంది" అన్నాడు ఆయన వెనకనుంచి. నాకూ అలాగే కనపడింది. ఆ మాట బయటకి అనలేదు.

పాఠం చెప్పాల్సిన రోజుకి ముందు సాయంత్రం, బడి వదిలాక, ఖాళీ క్లాసులో ఒకసారి చేసి చూద్దామంది. ఎందుకైనా మంచిదని రెండు పలకలూ తీసుకెళ్ళాం. టీచరు బల్ల మీద కొత్తది పెట్టాను. నల్లబల్లకి వీపు పెట్టి, బెంచీల వైపు తిరిగి నిలబడి, తను చేతులు ఆనించింది. ఆనించిన చేతులు అక్కడే ఆగిపోయాయి.

"ఇది కూడా పాడైంది" అంది.

"ఎలా పాడవుద్దే? పొద్దున మీ ఇంట్లో..."

"అంతా తిరగబడింది. నందిగామ పడమట ఉంది. కృష్ణ ఉత్తరాన పారుతోంది." "రేపు పిల్లల ముందు ఇలాగే తడుముకుంటా నిలబడాలా? లైబ్రరీకే పోతానని చెప్పేస్తానే. మర్యాదగా ఉంటది."

తను ఓడిపోయినట్టు మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. ఏం చెయ్యాలో తోచక, కోపమొచ్చింది. "అసలు కృష్ణ ఎక్కడుండాలంటావు నువ్వు?" అని కసిరాను.

"ఎక్కడుంటదే? అక్కడ!" అని ఎడం చెయ్యి చాచి కిటికీ వైపు చూపించింది.

కిటికీ బయట ఆటస్థలం, ప్రహరీ, దాని అవతల ముక్త్యాల రోడ్డు. కృష్ణ నిజంగానే అటుంది. మళ్ళీ పలక చూశాను. పలక మీద కృష్ణ తన కుడిచేతి కింద ఉంది.

"నువ్వు ఇప్పుడు ఎటు తిరిగి నిలబడ్డావు?"

"పడమరకి. నల్లబల్ల తూర్పు గోడకి కదా."

"ఇంట్లో బల్ల దగ్గర?"

"తూర్పుకి. ఎప్పుడూ తూర్పుకే కూర్చుంటా."

మా ఇంటి వరండా వీధి వైపుకి. వీధి ఉత్తరానికి. తను పటాన్ని పటంలా చదవట్లేదు. తన ఒళ్ళు ఎటు తిరిగి ఉంటే పలక కూడా అటే తిరిగిందనుకుంటోంది. తన లెక్కన పలక మీది ఊరు నేల మీది ఊరి దిక్కునే ఉండాలి. మా వరండాలో తను ఉత్తరానికి కూర్చుంది కాబట్టి కుదిరింది. అంతే. మోడల్లో తప్పు లేదు, టూల్‌పాత్‌లో తప్పు లేదు.

పలకను రెండు చేతుల్తో పట్టుకుని తిప్పాను. కృష్ణ కిటికీ వైపుకి వచ్చేదాకా తిప్పి, తన చేతులు పట్టుకుని దాని మీద పెట్టాను. తను తడిమింది. కుదిరింది. తర్వాత పాత పలక తీసి అదీ అలాగే తిప్పి పెట్టాను. అదీ కుదిరింది. కుదరక ఏం చేస్తుంది? రెండూ ఒకటే పటం. చేత్తో తిప్పితే సరిపోయేదానికి మిషన్ మీద తిప్పి, ఇంకో పలక ఖర్చుచేశాను. వాళ్ళాయనతో కలిపి ముగ్గురం చదువుకున్నవాళ్ళం. తిప్పి చూద్దామని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. బళ్ళో గోడకి వేలాడే పటంలో ఉత్తరం ఎప్పుడూ కప్పు వైపే ఉండేది. మాకు ఉత్తరమంటే ఆ అంచు. దాన్ని తిప్పొచ్చని ఎవరూ చెప్పలేదు, నేను ఎవర్నీ అడగలేదు.

సిగ్గు దాచుకోవడానికి పాత ఆయుధమే తీశాను. "ఈ తూర్పు పిచ్చి ఎప్పట్నుంచే? తూర్పుకి కూర్చుంటే పుణ్యమని మీ అత్తగారు చెప్పిందా?"

"నోర్ముయ్" అంది శాంతంగా. "పుణ్యం కాదు, పొద్దున ఎండ మొహానికి తగిలితే నేనెటున్నానో తెలుస్తది. కళ్ళు పోయినోళ్ళకి ఒక దిక్కు కావాలి. నువ్వు మిషన్ని కావాలని ఈశాన్యంలో పెట్టావు చూడు, అది పిచ్చి. వాస్తు చూసేవాడు ఒక మూల వదలమంటే నువ్వు పట్టుబట్టి అదే మూల నింపావు. మూల ఎంచింది మాత్రం వాడేగా!"



మర్నాడు హెడ్మాస్టరుగారు వెనక బెంచీలో కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. తను పాత పలక, పెద్దది, బల్ల మీద పెట్టి, పిల్లల్ని ముందు ఉత్తరం ఎటో చూపించమంది. నలభై చేతులు నాలుగు వైపులకి లేచాయి. కొందరు కప్పు వైపు చూపించారు. తను నవ్వలేదు, నాకూ నవ్వు రాలేదు. తన చూపుడువేలు పలక మీద దేనికోసమో వెతికింది. నేను ఉత్తరం గాడి కోసమనుకున్నాను. కాదు. ముక్త్యాల దగ్గర పెసరగింజ గుంటలో ఆగింది. అక్కడినుంచి పాలేరు, పాలేరు పట్టుకుని పేట, పేటనుంచి నందిగామ, మునేరు. ఒక్కసారి కూడా తడబడలేదు. పిల్లల్ని ఒక్కొక్కర్నీ పిలిచి, కళ్ళు మూసుకుని అదే గుంటనుంచి బయల్దేరమంది.

"పరీక్ష కాయితంలో ఉత్తరం పైనుంటుంది కదా టీచర్" అన్నారు హెడ్మాస్టరుగారు.

"ఉంటదండి. కాయితం మీద పైన, నేల మీద అటు. రెండూ తెలిసినోడికి కాయితం ఎటు తిప్పి ఇచ్చినా భయం లేదు."

ఆయన లేచి వచ్చి తానూ వేలు పెట్టి చూశారు. గుంట దగ్గర ఆగారు. "ఇదేంటి?"

"సార్, మా సున్నపురాయి క్వారీ సార్!" అంది ముందు బెంచీలో ముక్త్యాల నుంచి వచ్చే అమ్మాయి. "మా నాన్న అక్కడే పనిచేస్తడు."

ఆయన నా వైపు తిరిగారు. "మేడమ్, క్వారీ కూడా వచ్చేసిందా ఇందులో?"

అది కొలత అందని చోటు, మోడల్లో బొక్క, ఉత్త తప్పు. అలా అనడానికి నోరు తెరిచాను. కానీ అక్కడ క్వారీ ఉన్నమాటా నిజమే. ఉన్న క్వారీ వల్లే ఉపగ్రహం కొలత అందుకోలేకపోయిందేమో. లేక నదిలో నీటి మెరుపు వల్ల పోయిన కొలత పొరపాటున అక్కడ పడిందేమో. నాకు ఏ ఆధారమూ లేదు. నా స్నేహితురాలి వేలు ఇంకా గుంట అంచునే ఉంది.

"తెలీదండి" అన్నాను. నేను ఎక్కిన ఏ వేదిక మీదా ఆ మాట అన్న గుర్తు లేదు.

"తేల్చి చెప్పండి మరి. పిల్లలు రాసేస్తారు" అన్నారాయన. గుమ్మం దాటబోతూ ఆగి, "పదో తరగతి మీరే చూసుకోండి టీచర్. పలకలు ఇంకో రెండు చేయించండి, ఒకటి చాలదు" అన్నారు.

తేల్చడానికి ఒకరోజు తన భర్తతో ముక్త్యాల వెళ్ళాను. ఫ్యాక్టరీ గేటు, లారీల వరస, తెల్లటి దుమ్ము. క్వారీ ఉంది. మోడల్లో చుక్క ఉన్నచోట మాత్రం కాదు, కొంచెం పక్కన. ఎంత పక్కన అంటే, పలక మీద పెసరగింజ అంత. ఆ తేడా మోడల్‌దా, కిలోమీటర్లని జానెడు చేసిన నా లెక్కదా, క్వారీయే ఈ ఏళ్ళలో జరిగి జరిగి అక్కడికి పోయిందా? ఇంటికొచ్చి అన్నీ మళ్ళీ కొలిచాను. మూడూ కుదురుతున్నాయి.

ఇప్పుడు షెడ్డులో రాష్ట్రం పటం చెక్కాలి. మోడల్ దింపాను, పడుకోబెట్టాను, బొక్కలన్నీ వెతికి పూడ్చాను. టూల్‌పాత్ శుభ్రంగా ఉంది, బిట్టు ఎక్కడా దూకదు. అట్టముక్క మీద నమూనా చెక్కి పంపాను. సాయంత్రం ఫోన్ వచ్చింది.

"అంతా బానే ఉంది కానీ, ఇందులో నేను బయల్దేరేదెక్కడే? గుంట ఏది?"

"అది తప్పే. తప్పు తీసేశా."

"తప్పో ఒప్పో, నా వేలికి తెలిసింది అదొక్కటే. ముక్త్యాల దగ్గర ఒకటి పెట్టు."

"లేనిదాన్ని నా చేత్తో పెట్టమంటావా?"

"ఉందో లేదో నీకు తెలీదని నువ్వే చెప్పావు, హెడ్మాస్టరు ముందు" అని పెట్టేసింది.

మిషను వెలుగుతోంది. పలక బిగించే ఉంది. తెర మీద ముక్త్యాల దగ్గరికి పోయి, చుక్క పెట్టి, తీసేసి, మళ్ళీ పెట్టి, చూస్తూ కూర్చున్నాను.